గిన్నెలో మిగిలింది

"పకోడీలు ఇంకాస్త ఎర్రగా వేగనివ్వండి భైన్‌జీ. మనవాళ్ళకి కరకరలాడితేగానీ నోటికి ఆనవు" అని వంటగదిలోకి తల పెట్టి చెప్పి వెళ్ళాడు జగ్‌రూప్. మత్తు మాన్పించే ఆ సెంటర్లో కౌన్సెలర్ ఆయన. బ్రాంప్టన్‌లో తివాచీల దుకాణం పైన అద్దెకు తీసుకున్న హాలు అది. అందులో గుండ్రంగా వేసిన కుర్చీల్లో లారీ డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, రిటైరైన ఒక హెడ్మాస్టరు కూర్చుని తమ మత్తు అలవాటు గురించి మనసు విప్పి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ భార్యలు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఇక్కడ ఆ భార్యల్ని 'కుటుంబ సహాయకులు' అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నిర్లేప్ కౌర్‌కి కాస్త గర్వంగానే అనిపించింది. పందొమ్మిదేళ్ళుగా చేస్తున్న చాకిరీకి ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు పేరు పెట్టారు. జీతం పెట్టలేదు, అది వేరే సంగతి.

శుక్రవారం నుంచి ముక్కు కారుతోంది. కళ్ళు నీళ్ళు. ఉల్లిపాయల వల్లనుకుంటే ఉల్లిపాయల బుట్ట ఎప్పుడో ఖాళీ అయింది. ఆమె నడిపే బస్సులో పిల్లలందరికీ జలుబు, వాళ్ళ దగ్గర్నుంచే అంటుకుని ఉంటుందనుకుంది. స్కూలు బస్సు నడిపేవాళ్ళకి చలికాలంలో జలుబు కొత్తేం కాదు. కాళ్ళు పీకుతున్నాయి, రాత్రి దుప్పటి కింద వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవలింత మీద ఆవలింత. పక్కనున్నావిడ నవ్వి, "ఏం నిర్లేప్, మీ ఆయన మందు మానేసరికి రాత్రిళ్ళు నిద్ర పోనివ్వట్లేదా?" అంది. ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వారు. నిర్లేప్ కూడా నవ్వింది.

ఊరికే అనకూడదు, ఆ సెంటరు మంచిదే. అంతకుముందు పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడి తెల్ల డాక్టరు, "రోజూ ఏం తీసుకుంటారు?" అనడిగాడు. "డోడా టీ" అన్నాడు ఆమె భర్త సుఖ్‌మందర్. డాక్టరు 'టీ' అని రాసుకుని, తగ్గించమని, నీళ్ళు ఎక్కువ తాగమని చెప్పి పంపేశాడు. గసగసాల కాయల్ని ఎండబెట్టి పొడి కొట్టి, ఆ పొడిని మరిగించి వడగడితే వచ్చేది నల్లమందుకి తోబుట్టువని ఆయనకెవరు చెప్తారు? "ఈ దేశంలో రోగం చెప్పుకోవాలంటే ముందు వంట నేర్పాలి" అని దారంతా గొణిగాడు సుఖ్‌మందర్. లారీ నడిపేటప్పుడు అలుపు తెలియకుండా తండ్రి అలవాటు చేశాడు, తండ్రి పోయాడుగానీ అలవాటు పోలేదు. ఈ సెంటర్లో ఆయన డోడా అనగానే జగ్‌రూప్, "రోజుకెన్ని చెంచాలు అన్నా? ఉదయమా, రెండు పూటలా? బెల్లం వేసుకుంటావా?" అని వాళ్ళ భాషలో, వాళ్ళ యాసలో అడిగాడు. సుఖ్‌మందర్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అక్కడి డాక్టరమ్మ చెప్పినట్టు గురువారం నిర్లేప్ సెలవు పెట్టి ఇల్లంతా గాలించి, దొరికిన పొడి చివరి చెంచాదాకా కడిగేసింది. శుక్రవారం ఆయన నాలుక కింద, మానేసిన బాధ తెలియనివ్వని మాత్ర మొదటిది పెట్టారు. ఆ సాయంత్రానికే ఆయన లేచి కూర్చుని రెండు మక్క రొట్టెలు తిన్నాడు. మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం చెవి కొంగుకి కట్టుకునో జేబులో వేసుకునో తిరగడం కూడా కుటుంబ సహాయకురాలి పనే.

పకోడీలయ్యాక ఆడవాళ్ళని పిలిచి గోడ వారగా కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాడు జగ్‌రూప్. "మన దగ్గర కుటుంబమే మందు. తెల్లవాళ్ళకి ఇది లేదు. మానేసిన మనిషిని మీరు కనిపెట్టుకుని ఉండాలి. ఆవలింతలు ఆగవు. జలుబు లేకుండానే ముక్కు, కళ్ళు కారతాయి. కాళ్ళు ఎవరో పట్టి లాగుతున్నట్టుంటాయి. కడుపు నీళ్ళయిపోతుంది. వెచ్చటి గదిలో కూర్చున్నా ఒంటి మీద ఈకలు పీకిన కోడిలా బొడిపెలు లేస్తాయి. మీ ఆయనలో ఇవి కనబడితే కంగారుపడొద్దు, నాకు ఫోన్ చెయ్యండి."

నిర్లేప్ శ్రద్ధగా భర్త వైపు చూసింది. ఆయన శుభ్రంగా పకోడీ నములుతున్నాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. అప్పుడు తన చేతి మీద స్వెట్టరు మోచేతిదాకా లాక్కుని చూసుకుంది.

చూసుకుని మళ్ళీ కిందికి లాక్కుంది. చేతి నిండా అవే బొడిపెలు. హాల్లో ఎవరో ఏదో అడుగుతున్నారు, జగ్‌రూప్ ఏదో చెప్తున్నాడు, ఒక్క ముక్క చెవికెక్కడం లేదు. కాదు, నేనెప్పుడు తాగాను, అని తనని తాను నిలదీసుకుంది. నిజమే, ఎప్పుడూ తాగలేదు. కప్పులో పోసుకుని కూర్చుని తాగితే కదా తాగినట్టు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అందరూ బీజీ అని పిలిచే అత్తగారు పక్కన నిలబడి నేర్పింది, పొడి ఎంతసేపు మరగాలో, పల్చటి గుడ్డలో పోసి పిప్పిని ఎలా పిండాలో. 'మగాడికి అందించే ముందు చెంచాడు నోట్లో వేసుకు చూడాలి పిల్లా, పలచనైతే గొడవ, చిక్కనైతే గొడవ' అంది. చూసింది. పాప పుట్టాక నడుం విరిగిపోతుంటే, 'గిన్నెలో అడుగున మిగిలింది పారబోస్తావేంటి, అంత డబ్బు. కాసిని పాలు పోసుకుని నువ్వు తాగెయ్, నొప్పి పోతుంది' అంది. పోయింది. నొప్పే కాదు, ఎవరేమన్నా గుచ్చుకోవడం కూడా పోయింది. మరిది పెళ్ళిలో అందరి ముందు బీజీ 'నీ పుట్టింటివాళ్ళు మర్యాద నేర్పలేదా' అన్నప్పుడు, ఉప్పెక్కువైందని భర్త కంచం జరిపేసినప్పుడు, తనకి చురుక్కుమనలేదు. ఓర్పు నా సొత్తు అనుకుంది. కోడలంటే నిర్లేప్ అని బంధువులందరూ మెచ్చుకున్నారు. ఆ ఓర్పంతా గిన్నె అడుగు నుంచి వచ్చిందా?

అంతకంటే భయంకరమైనది ఆ వెనకే వచ్చింది. రోజూ పొద్దున్నే గిన్నె ఖాళీ చేసి, కడిగి బోర్లించి, ఆమె బస్సెక్కేది. బస్సు నిండా చిన్న తరగతుల పిల్లలు. ఒక్క గీత కూడా పడనివ్వని డ్రైవరని యార్డులో పేరు. పోయిన చలికాలం ఒకసారి, మంచు కురుస్తున్న పొద్దున, ఎర్ర దీపం దగ్గర ఆగింది. వెనక సీటు నుంచి ఒక పిల్లాడు "మిస్, పచ్చ పడింది, మిస్, ఎప్పుడో పడింది" అని అరిచాడు. వెనకాల కార్ల హారన్లు అప్పుడు వినిపించాయి ఆమెకి. రాత్రి అత్తగారికి కాళ్ళు పట్టి, లంచ్ డబ్బాలు సర్ది పడుకునేసరికి ఆలస్యమైంది, అందుకే కునుకు పట్టిందనుకుంది. ఇప్పుడు ఆ కునుకు ఎక్కడిదో తెలిసింది. బస్సు ఆగి ఉండగా పట్టింది కాబట్టి సరిపోయింది. కదులుతుండగా పట్టిన రోజులు ఎన్నో ఆమెకి తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అందరూ చెప్పులు వేసుకుంటుంటే జగ్‌రూప్‌ని సింకు దగ్గరికి పిలిచింది.

"వీర్‌జీ, మీరు చెప్పినవన్నీ నాకున్నాయి."

ఆయన జాలిగా నవ్వాడు. "దాన్ని సహాయకుల అలసట అంటాం భైన్‌జీ. భర్త బాధని మీ ఒంటి మీదకి తెచ్చుకున్నారు. మన ఆడవాళ్ళ గొప్పదనమే అది."

"కాదు. గిన్నెలో మిగిలింది నేను తాగాను. రోజూ."

"రుచి చూడటం తాగడం ఎలా అవుతుంది?"

"పందొమ్మిదేళ్ళు చూశాను."

జగ్‌రూప్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ పనిలో పదేళ్ళుగా ఉన్నాను. మన సంస్కృతి నాకు తెలుసు. మన ఆడవాళ్ళు ఆ జోలికి పోరు. ఇప్పటిదాకా ఒక్కావిడ కూడా రాలేదు నా దగ్గరికి. సరే, మీ తృప్తి కోసం మంగళవారం డాక్టరమ్మని కలవండి. మగాళ్ళ ముందు మాత్రం అనకండి. సుఖ్‌మందర్ ఇప్పుడిప్పుడే నిలబడుతున్నాడు, తలదించుకునేలా చెయ్యకండి."

ఒక్కావిడ కూడా రాలేదు. వాళ్ళంతా ఆయనకి పది అడుగుల దూరంలో పకోడీలు వేయిస్తున్నారని నోటిదాకా వచ్చింది.  తెల్ల డాక్టరుకి డోడా తెలియదు. డోడా తెలిసిన ఈయనకి దాన్ని కాచేవాళ్ళు తెలియదు.

ఇంటికెళ్ళాక చెప్పింది. చెప్పకుండా ఉండగలిగితే బాగుండునుగానీ, మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. సుఖ్‌మందర్ ముందు నవ్వాడు, తర్వాత మొహం ఎర్రబడింది. "మందు మానమని నన్ను తీసుకెళ్ళి నువ్వు మత్తుమనిషివై వచ్చావా?"

సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న బీజీ, "చోద్యం" అంది. "నేను మీ మావయ్య గిన్నె నలభై ఏళ్ళు ఖాళీ చేశాను. ఆయన పోయాక కూడా మోకాళ్ళ నొప్పులకని రోజూ కాస్త పొడి పాలల్లో కలుపుకున్నాను. నేనేమైనా తాగుబోతునా? ఆడదానికి అంటదు అది. మొన్నటి నుంచి నాకూ ఒళ్ళు కూలబడిపోతోంది, కడుపులో ఏదీ నిలవట్లేదు. ముసలితనం అనుకుని ఓ మూల పడున్నానా లేదా? నీలాగా డాక్టర్ల వెంట పడ్డానా?"

నిర్లేప్ అత్తగారి వైపు చూసింది. దుప్పటి మీద పెట్టుకున్న ఆ చేతుల మీద బొడిపెలు లేచి ఉన్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఏడవకుండానే. తనేం చెప్పిందో ఆవిడకి తెలియదు. సుఖ్‌మందర్‌కీ తెలియలేదు. ఆ గదిలో అది విన్నది నిర్లేప్ ఒక్కతే. మూడు రోజులుగా ఆ ముసలావిడ వాంతులు చేసుకుంటుంటే చాదస్తం అని వాము నీళ్ళిచ్చి వదిలేసింది తనే. పందొమ్మిదేళ్ళు ఆవిడ మీద పెట్టుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో ఒక్కసారిగా తెలియలేదు.

"అసలు సంగతి విను" అన్నాడు సుఖ్‌మందర్, ఈసారి మెత్తగా. "నేను లారీ ఎక్కడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. ఇల్లు నడిచేది నీ బస్సు మీద. డాక్టరుతో అంటే కాయితం మీదకెక్కుతుంది. లైసెన్సు పీకేస్తారు. మళ్ళీ ఇస్తారో లేదో. రేపు డ్యూటీకి పో. నాలుగు రోజుల్లో అదే తగ్గిపోద్ది."

 ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ లైసెన్సు ఆమె సంపాదించుకున్న ఒకే ఒక్క వస్తువు. పాపని చంకన వేసుకుని, పొద్దున్నే పాఠాలు బట్టీపట్టి, రెండుసార్లు తప్పి మూడోసారి తెచ్చుకుంది. ఆ బస్సులో కూర్చున్న కాసేపే ఆమెని ఎవరూ పిలవరు, ఎవరికీ ఏదీ అందించక్కర్లేదు. అదీ పోతే ఇంక మిగిలేది వంటగదే. ఇంటికప్పు కిందున్న సుఖం ఆపాటిదే కాబట్టి ఆమెకి ఏడుపొచ్చింది, ముక్కు ఎటూ కారుతోంది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం తెల్లవారుజామున, యూనిఫారం జాకెట్ వేసుకుని, కాళ్ళీడ్చుకుంటూ కిందికి దిగేసరికి వంటగదిలో దీపం వెలుగుతోంది. పొయ్యి దగ్గర సుఖ్‌మందర్ నిలబడి ఉన్నాడు. ఆ మనిషిని పొయ్యి దగ్గర ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. గుడ్డలోంచి పిప్పి పిండుతున్నాడు, చొక్కా మీద మరకలు. ఆ వాసన తగలగానే ఆమె నోట్లో నీళ్ళూరాయి.

"లారీ సీటు కింద ఒక పొట్లం ఉండిపోయింది" అన్నాడు చూపు తప్పించి. "కొంచెమే వేశాను. ఇది తాగితే ఒళ్ళు నిమ్మళిస్తుంది. హాయిగా బండి నడుపుకోవచ్చు."

మంచి పింగాణీ కప్పులో పోశాడు. చుట్టాలొస్తేగానీ తియ్యని కప్పు అది. సాసర్ కూడా పెట్టాడు. బెల్లం వేశాడు, ఏలక్కాయ వేశాడు, పైన నోటితో ఊదాడు. "వేడిగా ఉంది, చూసుకో" అని ఆమె చేతికిచ్చాడు. "నేను రుచి చూడలేదు. నేను మానేశాను కదా."

పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన తన చేత్తో కాచి ఆమెకిచ్చిన మొదటి కప్పు అది.  ఆయన మొహంలో మోసం లేదు, అదే ఆమెని కొయ్యబార్చింది. నిజంగానే ప్రేమగా చూస్తున్నాడు. దాన్ని తాగి ఆమె పసిపిల్లల్ని ఎక్కించుకుని మంచులోకి వెళ్తుందని, ఆ ప్రేమలో ఆయనకి ఎక్కడా తట్టనే లేదు. ఒళ్ళంతా ఆ కప్పు వైపే లాగుతోంది. ఒక్క గుక్క చాలు, కాళ్ళ నొప్పి పోతుంది, చలి పోతుంది, ఈ ఇంట్లో ఎవరేమన్నా మళ్ళీ గుచ్చుకోదు. అందరూ మళ్ళీ మెచ్చుకుంటారు.

ఆమె కప్పుని సింకులో వంపేసింది. గిన్నెలో మిగిలింది కూడా వంపేసి కుళాయి తిప్పింది.

"ఏంటా పని?" అన్నాడు సుఖ్‌మందర్. "నీకోసం చేశాను."

"బీజీని మంచి బట్టలు తీసి పెట్టుకోమనండి. రేపు డాక్టరమ్మ దగ్గరికి ఆవిడా వస్తుంది" అని చెప్పి నిర్లేప్ ఫోన్ తీసుకుని బస్సు యార్డుకి చేసింది. డ్యూటీలు వేసే పెర్లీన్ ఎత్తింది. జమైకా నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైపోయిన మనిషి, అందరి ఇళ్ళ కష్టాలూ తెలిసినది.

"ఏమ్మా నిర్లేప్, మళ్ళీ సెలవా? పాపం, మీ ఆయనకి ఇంకా తగ్గలేదా?"

సుఖ్‌మందర్ ఎదురుగా నిలబడి, జ్వరమని చెప్పు, జ్వరమని చెప్పు, అని చేతులతో సైగ చేస్తున్నాడు.

"ఆయన బాగానే ఉన్నాడు పెర్లీన్" అంది నిర్లేప్. "జబ్బు నాది. దాని పేరు చెప్తాను, రాసుకో."