పరుపు తడవకుండా

ఇవాళ కూడా ఆరేట్టు లేదు, తెల్లవారేసరికే ఆకాశం కొండల మీద నుంచి కిందికి దిగి ఈనబోయే గొర్రె కడుపులా వేలాడుతోంది, తూర్పున మాత్రం గోరంత పసుపు, అది ఎండ అవుతుందో వానే అవుతుందో, అనుకుంటూ జిపారా కూతురి మంచం మీంచి దుప్పటి లాగింది, మళ్ళీ తడి, నడుము దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా, దాని కింద కొత్త తొడుగు మాత్రం మాట నిలబెట్టుకుంది, నాలుగు మూలలా సాగే పట్టీ పరుపుని పట్టుకునే ఉంది, చెయ్యి దూర్చి చూస్తే కింద ఉన్ని పొడిగా, వెచ్చగా, హమ్మయ్య అనుకుంది, ఏడేళ్ళ బురుల్ తడిసిన గౌనుతోనే గోడకి ఆనుకుని నిలబడి అమ్మా నీళ్ళు అంది.

ఆ పరుపు అత్త బాత్మా చేతి కుట్టు, బురుల్ పుట్టిన ఏడాది మూడు గొర్రెల ఉన్ని కూరి కుట్టింది, ఉన్ని పరుపు తడిస్తే మరకతో పోదు, మూడు రోజుల చాకిరీ, కుట్లు విప్పి, ఉన్ని అంతా కాలవలో ఉతికి, ఆరాక చాప మీద పోసి ముద్దలు విడిపోయేదాకా బెత్తాలతో బాది, మళ్ళీ కూరి కుట్టాలి, ఈ నెలలో అప్పుడే రెండుసార్లయింది, అత్తా కోడలూ ఎదురెదురుగా కూచుని బాదుతుంటే ఆ చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినబడింది, ఏమే బాత్మా, ఈ ఇంట్లో పెళ్ళేమన్నా ఉందా, మాకు చెప్పకుండా పరుపులు కుట్టేస్తున్నారు, అని ఆడవాళ్ళు కంచె మీంచి తొంగి చూశారు, ఎలకలు పడ్డాయే, మీ ఇంటివే అయ్యుంటాయి, అంది అత్త బెత్తం ఆపకుండా, వాళ్ళు నవ్వుకుంటూ పోయారు, బడికెళ్ళే ఆడపిల్ల పక్క తడుపుతోందని ఊరికి తెలిస్తే పెళ్ళీడు వచ్చినా ఆ మాట వెంటాడుతుంది, కాబట్టి ఎలకలే.

మొదట జిపారా పసివాళ్ళ ఊయల్లో వేసే పాత రబ్బరు గుడ్డ తీసి పరిచింది, పిల్ల కదిలినప్పుడల్లా కరకరలాడింది, చెమటకి వీపు పేలింది, తెల్లారేసరికి జారి కాళ్ళ దగ్గర ఉండచుట్టుకుంది, తరవాత కంబళి ముక్క మడిచి వేసింది, అది తాగినంత తాగి మిగిలింది పరుపుకిచ్చింది, చివరికి జిల్లా బజారుకి పోయింది, అక్కడ బంగారు పళ్ళావిడ, ఎవరికే చెల్లీ, ముసలాళ్ళకా పసివాళ్ళకా, అంది, పసిదానికే అక్కా, రెండేళ్ళు, అంది జిపారా, ఇంట్లో చిన్నది నురాయ్ ఉంది కనక పూర్తిగా అబద్ధం కాదు, కొలత చెప్పగానే ఆవిడ పళ్ళన్నీ మెరిసేలా నవ్వి, రెండేళ్ళదానికి గుర్రం పట్టేంత మంచమా, మీ ఊళ్ళో పిల్లలకి ఏం పెట్టి పెంచుతారే తల్లీ, అంది, వొట్టి ప్లాస్టిక్‌ది తీసుకోకు, ఒళ్ళు ఉడికిపోద్ది, ఇదుగో పైన నూలు, అడుగున నీరు దిగని పొర, నోటి దగ్గర పెట్టి ఊదు, గాలి పోవాలి, పోస్తే నీళ్ళు పోకూడదు, మరిగే నీళ్ళలో వెయ్యకు, పొయ్యి పక్కన ఆరెయ్యకు, పొర పగిలిపోద్ది, రెండు తీసుకో, తొడుగు మీద దుప్పటి, దాని మీద మళ్ళీ తొడుగు, మళ్ళీ దుప్పటి, రాత్రి పై జత లాగేస్తే పిల్ల నిద్ర కూడా చెడదు, అని మడత పెట్టి ఇస్తూ, పసిది కనక దిగుల్లేదులే, ఏళ్ళ తరబడి పొడిగా లేచిన పిల్ల మళ్ళీ మొదలెడితే మటుకు అది నా దగ్గర బేరం కాదు, డాక్టరు దగ్గర బేరం, అంది, అది ఎందుకని అలా అని జిపారా నాలుక చివరి దాకా వచ్చింది, అడిగితే ఇందాకటి అబద్ధం బయటపడుతుంది, సంచీ చంకలో పెట్టుకుని వచ్చేసింది, దారంతా మంచి సరుకు కొన్నానని తనకి తాను చెప్పుకుంటూనే వచ్చింది.

అత్త వైద్యం అత్తది, కుక్కని చూసి జడుసుకుందని, ఆ జడుపు దిగాలని నెత్తి మీద నీళ్ళ గిన్నె పట్టి అందులో కరిగించిన సీసం పోసింది, పొద్దు వాలాక నీటిచుక్క ముట్టనివ్వలేదు, తేనె ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందని పడుకునే ముందు చెంచాడు తేనె, మొదట ఒకటి, గుణం లేదని రెండు, ఈ వారం మూడు, అక్కకి పెట్టి తనకి పెట్టకపోతే నురాయ్ ఇల్లు పీకి పందిరేస్తుంది, అందుకని దానికీ మూడు, పోనీలే అమ్మా, నేను ఎనిమిదేళ్ళొచ్చినా తడిపానని నువ్వే చెప్పావుగా, అన్నాడు మొగుడు సాతర్ నిన్న, నువ్వు తడిపావు గానీ దూడలా బలిశావురా, అంది అత్త తల్లి గొంతుతో, ఇది నీకంటే ఎక్కువే తింటోంది, ఆ తిండంతా ఎటు పోతోందో, అంది, ఎటు పోతోందో, కిందటి చలికాలం మేజోళ్ళు ఈ ఏడు బిగుసుకోవాలి, వదులయ్యాయి, కాళ్ళ మీంచి జారిపోతున్నాయి, మొన్న పాకలో దూడ నీళ్ళ తొట్టిలో మొహం పెట్టి తాగుతోంది పిల్ల, దూడ పక్కకి తప్పుకుని దాని వంకే చూస్తోంది, జిపారా వీపు మీద ఒక్కటిచ్చింది, ఇచ్చాక ఆ వీపు ఎముకలు అరచేతికి తగిలిన సంగతి చెయ్యి ఇంకా మర్చిపోలేదు.

కంచె మీద ఒక పక్క బురుల్ దుప్పటి వేసింది, పక్కనే నురాయ్ రాత్రి తడిపిన గుడ్డ వేసింది, బకెట్టు పట్టుకుని కాలవకి పోయి వచ్చేలోపు ఆ గోరంత పసుపు ఎండై కూచుంది, ఆరుతుందిలే అనుకుంటూ దగ్గరికి వచ్చి ఆగిపోయింది, దుప్పటి మీద కందిరీగలు, పది పదిహేను, తడి అంచు చుట్టూ వరసగా తలలు వంచుకుని, అదిలించినా లేవవు, తేనె కారిందేమో, పిల్ల మూతి తుడుచుకుందేమో, కానీ అవి తలగడ వైపు లేవు, నడుము వైపు ఉన్నాయి, అదే తేనె అదే మూడు చెంచాలు నురాయ్ కూడా నాకింది, ఆ గుడ్డా తడే, అదే ఎండ, అదే కంచె, దాని మీద ఒక్కటి లేదు, ఒక్కటంటే ఒక్కటి, జిపారా రెండు గుడ్డల మధ్య నిలబడి ఇటూ అటూ చూసింది, వేలితో దుప్పటి అంచు ముట్టుకుంది, జిగురు, వేలికి వేలు అంటుకుంది, మామగారి చివరి ఏడాది, పాక వెనక ఆయన ఒంటికి కూచునే చోట నేల మీద ఇలాగే, ఈగలు, చీమలు, కందిరీగలు, ఎన్ని నీళ్ళు కొట్టినా, ఆయనా ఇలాగే దాహం దాహం అన్నాడు, తిని తిని చిక్కిపోయాడు, చక్కెర జబ్బు అన్నారు, కాలు తీసేశారు, తరవాత మనిషే పోయాడు, కానీ అది ముసలాళ్ళ జబ్బు, పిల్లలకి రాదు, రాదని ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది, బకెట్టు ఎప్పుడు కింద పెట్టిందో తెలియదు, అత్తమ్మా ఒక్కసారి ఇలా రా అంది, బాత్మా పిండి చేతులతో వచ్చింది, దుప్పటి చూసింది, పక్క గుడ్డ చూసింది, చాలాసేపు చూసింది, మీ మామయ్యకి అరవై దాటాక గదటే వచ్చింది, అంది, ఆ తరవాత తేనె పెట్టిన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సాతర్ పక్కింటి కారు కోసం పరిగెత్తాడు, ఆ కారు గొర్రెల్ని ఎక్కించుకుని పోయిందిట, కబురు పంపి తిరిగొచ్చాడు, జిల్లా ఆసుపత్రికి రెండు గంటల దారి, ప్రయాణమయ్యేవాళ్ళు రొట్టె కొరక్కుండా గడప దాటకూడదు, అందుకని బాత్మా బట్ట పరిచి రొట్టె విరిచింది, అందరూ చుట్టూ కూచున్నారు, బురుల్ తన ముక్క పక్కన పెట్టేసి అమ్మ ఒళ్ళోకి ఒరిగింది, నిద్రొస్తోందమ్మా అంది, పొద్దున్నే నిద్రేమిటి, దాని ఊపిరి మొహానికి తగిలింది, ముగ్గి చెడబోతున్న ఆపిల్ పండు వాసన, ఇంట్లో ఒక్క పండు లేదు, మామగారి ఆఖరి రోజుల్లో ఆయన మంచం దగ్గరా ఇదే వాసన, జిపారా ఆ తల నిమురుతూ, నెల రోజులుగా ఈ పిల్ల ఒళ్ళు ఏదో చెబుతూనే ఉంది, దాన్ని నేను రోజూ పొద్దున్నే ఉతికి ఆరేశాను, అనుకుంది, రొట్టె నోట్లో పెట్టుకుంది, సాతర్ నమిలాడు, బాత్మా నమిలింది, వాకిలి వైపే చెవులు పెట్టి తింటూ కూచున్నారు, కారు ఇంకా రాలేదు.