తొలి దమ్ము

ఎర్రగా కాలిన ఇనుప చువ్వ వెదురు కణుపులోకి దిగగానే పొగ లేచి మునుసామి కళ్ళలో కొట్టింది. ఆయన మొహం తిప్పుకోలేదు. మూరన్నర కాడ, కొసన కాల్చిన మట్టి గిన్నె, రెంటికీ నడుమ లక్క అతుకు. కోవిల్‌పట్టిలో పొడుగు చుంగాణి చేసేవాడు ఆయనొక్కడే మిగిలాడు. దానితో పొగాకు పీల్చే పెద్దలు కాటికి పోయారు, వాళ్ళ కొడుకులు సిగరెట్లకు పోయారు.

ఉన్న బేరమల్లా విరుదునగర్ పక్క మునీశ్వరుడి గుడి. ఏటా జాతరకు స్వామి చేతిలో కొత్త చుంగాణి పెడతారు. దానికి మనిషి నోరు తగలకూడదు.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యానెక్కబోతూ భార్య రంగమ్మాళ్ గుమ్మంలో ఆగింది.

“ఇదో, అది సామిది. నోట్లో పెట్టేవు సుమా. ఎచ్చిలి చేస్తే ఇంగ మనల్ని పిలవరు.”

“నాకు తెలీదా? నువ్వు పో, వ్యాను పోతాది.”

తెలుసు, తెలియక కాదు. కానీ వట్టి గిన్నెతో తొలి దమ్ము తను లాగి చూడందే ఆయన ఏ చుంగాణినీ కొన్నవాడి చేతికి ఇచ్చి ఎరగడు. అతుకులో వెంట్రుకంత సందున్నా ఆ ఊపిరికి దొరికిపోయేది. ఇప్పుడా ఊపిరిలో పిల్లికూతలు చేరాయి.

బస్సులో చుంగాణిని తుండుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుడి దగ్గర పూజారి ఇసక్కిపాండి చేతులు కడుక్కుని వచ్చి చాచాడు. మునుసామి తుండు విప్పి, ఇచ్చేముందు దాన్ని నోటికి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క దమ్ము లాగాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు.

అతుకు గట్టిగా ఉంది. ఆ తృప్తితోనే కళ్ళు తెరిచేసరికి చాచిన చేతులు వెనక్కి పోయాయి.

“ఏం పని చేసినావు తాతా! సామిది గదా!”

“మరిచిపోయినా అప్పా. వేరేది చేసి తెస్తా.”

“రేపే జాతర. ఇంగ వద్దులే. అంగట్లో కొయ్యవి అమ్ముతారు, బొక్క కూడా ఉండదు. సామి ఏమన్నా పీలుస్తాడా?”

ఇసక్కిపాండి ఆ మాట కోపంగా అనలేదు. ముసలాయనకు అదే ఎక్కువ బాధేసింది.

పొద్దుగూకి ఇల్లు చేరిన భర్త చేతిలో తుండు మూట చూసి రంగమ్మాళ్ లోపలికి పోయి పొయ్యి రాజేసింది. మునుసామి అరుగు మీద గోడకు ఆనుకుని, గిన్నెలో పొగాకు దట్టించి నిప్పు పెట్టాడు. తను చేసిన ఏ చుంగాణితోనూ రెండో దమ్ము ఆయన ఏనాడూ లాగలేదు. అది కొన్నవాడిది. దీన్ని కొనేవాడు లేడు. లాగాడు. దగ్గొచ్చినా ఆపలేదు.

“అన్నానికి రాయ్యా,” అంది రంగమ్మాళ్ లోపలినుంచి. రెండోసారీ పిలిచింది. బయటికొచ్చి భుజం పట్టుకుంటే తల పక్కకు వాలిపోయింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆయన ఒళ్ళో చుంగాణి ఇంకా రాజుకుంటూనే ఉంది. అతుకులోంచి వెంట్రుకంత పొగ కూడా బయటికి రావడం లేదు.