కల్వర్టు దాకా నడిచిన చీర

పొద్దున ఆరింటికి అంకిత వాకిలి ఊడ్చి, అందరికీ చాయ్ పోసి, సైకిల్ తీసింది. సైకిల్ ఆమెను పిండిగిర్నీకి తీసుకుపోయింది. గిర్నీలో పని లేదు. హ్యాండిల్ గుంజితే గుడికి పోయింది. దేవుడితోనూ పని లేదు. అక్కణ్నుంచి నేరుగా ఇంటికొచ్చి వాకిట్లో ఆగింది. తొమ్మిది రోజులుగా ఇదే తిరుగుడు. గానుగెద్దు నయం, దాని కళ్లకు గంతలైనా ఉంటాయి.

ఆర్మూర్‌లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే: హ్యాండిల్‌కు ఏ బట్ట చుడితే, ఆ బట్ట కట్టుకున్న మనిషి నడిచిన తొవ్వల్లోనే సైకిల్ పోతుంది. పసుపు మార్కెట్ హమాలీలు అందుకే తండ్రుల ధోతులు చింపి చుట్టుకుంటారు. కునుకు తీస్తూ తొక్కినా కాంటా దగ్గరే దిగుతారు. ఈ సంగతి అంకిత మొగుడు మహేశ్‌కు బాగా తెలుసు. పెళ్లానికి అంకాపూర్ విత్తనాల గోదాంలో పని దొరికిందని విన్న రోజే సైకిల్ కొన్నాడు. తల్లి రోజూ కట్టే చీర ఒకటి చింపి, పట్టీ తన చేత్తోనే చుట్టాడు.

"వద్దన్ననా? సైకిల్ గూడ కొనిచ్చిన. పోతే పో" అని నవ్వాడు. బస్సెక్కుతానంటే, సైకిల్ ఉండంగ బస్సెందుకన్నాడు. నడుస్తానంటే, నా ఇజ్జత్ తీస్తవా అన్నాడు. అరిచే మొగుడితో కొట్లాడొచ్చు. నవ్వేవాడితో కొట్లాడడానికి పట్టే దొరకదు.

పని పెద్దదేం కాదు. తడిగుడ్డలో పరిచిన వంద గింజల్లో ఎన్ని మొలకెత్తాయో చూసి రాయడం. కానీ సోమవారం ఎనిమిదింటికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని గోదాంవాళ్లు తేల్చి చెప్పారు.

అంకిత తన చీర చింపి చుట్టి చూసింది. పుట్టింటికి పోయే బస్సు ఆగే చోటుదాకా పోయి సైకిల్ వెనక్కి మళ్లింది. పెళ్లయ్యాక అంతకు మించి ఎక్కడ నడిచింది గనక! దుకాణం నుంచి కొత్త బట్ట తెచ్చి చుట్టింది. దానికి ఏ తొవ్వా తెలియదు. సైకిల్ నడక రాని బిడ్డలా కదలకుండా నిలబడింది.

ఆదివారం సాయంత్రం అత్త నీలవ్వ, గిన్నె మాడితే వాడకట్టంతా వినేలా తిట్టే మనిషి, పెట్టె అడుగు నుంచి ఒక ఆకుపచ్చ చీర తెచ్చి కోడలి ముందు పడేసింది.

"గిది చుట్టు."

"నీ చీరల తొవ్వలు నాకెరుకే అత్తమ్మా. గిర్నీ, గుడి, ఇల్లు. ఇంకో పలుపుతాడు తెచ్చినవా?"

"నోరు మస్తుంది గని చేతులే లెవ్వు నీకు. గట్ల నిలువుగ చింపుతవేందే? క్రాసుగ కొయ్యి, వంపుకాడ సాగుతది. రెండు వేళ్ల వెడల్పు. కొసకెల్లి లోపలికి చుట్టు, సగం మీద సగం పడాలె."

అంకిత కోసి చుట్టింది. నీలవ్వ చివర్లు దారంతో బిగించి, దారాన్ని పంటితో తెంపింది.

సోమవారం సైకిల్ గిర్నీ దాటింది. గుడి దాటింది. పసుపు లారీల సందులోంచి దూరి అంకాపూర్ తొవ్వ పట్టింది. అంకితకు గట్టిగా ఊపిరి తీసుకోవాలన్నా భయమేసింది. సగం దూరంలో, కల్వర్టు దగ్గర, సైకిల్ చటుక్కున ఆగింది. చేతుల కింద పట్టీ తడితడిగా తగిలింది. చెమటనుకుంది. వాసన చూస్తే చనుబాలు.

బస్సులో ఈ కల్వర్టు వచ్చినప్పుడల్లా నీలవ్వ కళ్లు మూసుకుంటుంది. కడుపులో తిప్పుతుందేమో అనుకునేవాళ్లు ఇంట్లో. అంకితకు ఇప్పుడు అర్థమైంది. ఎప్పుడో ఒక పొద్దున నీలవ్వ ఉయ్యాలలో మహేశ్‌ను వదిలేసి ఇక్కడిదాకా నడిచొచ్చింది. పాలు చేపుకొచ్చాయి. వెనక్కి పోయింది.

హ్యాండిల్ ఇంటివైపు తిరిగింది.

"నాకు ఉయ్యాల లేదు అత్తమ్మా" అంది అంకిత, హ్యాండిల్‌తోనే. దిగి, రెండు చేతులా పట్టి, మొండికేసిన ఎద్దును గుంజినట్టు గుంజుకుంటూ కల్వర్టు దాటింది. చెప్పు తెగింది. రెండోది కూడా విడిచేసింది. బట్ట నడిచిన తొవ్వనే నేర్చుకుంటుంది, తొక్కిన తొవ్వను కాదు. గోదాం గేటు దాకా నడిచే పోయింది. ఎనిమిదికి ఇంకా మూడు నిమిషాలుంది.

పొద్దుగూకాక ఇంటికొస్తే మహేశ్ అరుగు మీదే ఉన్నాడు.

"ఏం మేడం, ఇంతసేపు గిర్నీలనే ఉన్నవా?"

నీలవ్వ పొయ్యి వదిలి వచ్చి, హ్యాండిల్ మీద రెండు అరచేతులూ పెట్టి నిలబడింది. పట్టీ ఆరిపోయి, దుమ్ము కొట్టుకొని ఉంది. లోపల అన్నం మాడుతున్న వాసనొచ్చింది. ముసలామె ఎవరినీ తిట్టలేదు.

"దాటినంక ఏముంటది పిల్లా?"

"మక్క చేన్లు. గంతే."

"గంతేనా!" అంది నీలవ్వ. చాలాసేపటిదాకా హ్యాండిల్ వదల్లేదు.

మర్నాడు సైకిల్ కల్వర్టు దగ్గర ఆగలేదు. వెనక క్యారియర్ మీద నీలవ్వ కూర్చొని ఉంది, కళ్లు తెరుచుకొని.