సుట్టం దారి

పేరుకి ప్రసన్ననే గానీ నా మొహంలో ఆ ప్రసన్నత ఏ కోశానా లేదని ఆఫీసులో అనుకుంటారు. అనుకోనివ్వండి. పార్వతీపురంలో పెరిగినదాన్ని తీసుకొచ్చి కొండమీది గూడేల్లో తుఫాను సర్వే చెయ్యమంటే మొహం వెలిగిపోతుందా? ఏ ఊరికి వరద ముప్పు ఉంది, గతంలో ఏ తుఫానుకి ఎంత నష్టం జరిగింది, మళ్ళీ వస్తే జనాన్ని ఏ భవనంలోకి చేర్చాలి, ఇవన్నీ ట్యాబులో నింపాలి. నలభై ఒక్క గూడేలు. ఇరవై రోజుల గడువు.

జీలుగువలస వెళ్ళేసరికి పద్దెనిమిదో రోజు. బండి కింద వదిలేసి గంటన్నర నడిచాను. దారిలో చెప్పు తెగింది. గూడెం చేరేసరికి కోపం నషాళానికి అంటింది.

ఇరవై రెండు ఇళ్ళు, ఏటవాలు మీద. కింద గెడ్డ, అంటే కొండవాగు. దాని పక్కన చదును నేల, అందులో ఈమధ్యే కట్టిన అంగన్‌వాడీ భవనం. స్లాబు, గ్రిల్లు, మరుగుదొడ్డి, అన్నీ ఉన్నాయి. దాన్ని నడిపే రాజకుమారి ఆ గూడెం పిల్లే. పాత సంగతులు సోంబరు తాతకే తెలుసని నన్ను ఆయన అరుగు దగ్గర కూర్చోబెట్టి, పిల్లలకి గుడ్లు పెట్టాలంటూ వెళ్ళిపోయింది. తాతకి మోకాళ్ళు పోయాయి. అరుగు దిగి ఏళ్ళయిందట.

“తాతా, ఇక్కడ ఎప్పుడైనా వరదొచ్చిందా?”

ఆయన ఉలిక్కిపడి కొండకేసి చూశాడు. “నేదమ్మా. అదేటీ నేదు.”

“తుఫాను నష్టం?”

“నేదు.” గొంతు తగ్గించాడు. “సుట్టం వొచ్చినాడొకపాలి. నాను సిన్న గుంటడిగా ఉన్నప్పుడు. పదకొండుమందిని తీసుకెల్లిపోనాడు.”

నాకు నవ్వొచ్చింది. చుట్టరికం కలుపుకుని వచ్చి, జనాన్ని ఇటుకబట్టీలకి తోలుకుపోయే మేస్త్రీల్ని ఎంతమందిని చూడలేదు? ట్యాబులో వలస అని ఓ కాలమ్ ఉంది. పదకొండు అని కొట్టాను.

“మళ్ళీ తిరిగొచ్చారా?”

“ఎలగొస్తారమ్మా?” అన్నాడు. తర్వాత కింద చదును నేలకేసి చెయ్యి చూపించాడు. “అది సుట్టం దారి. అక్కడ కట్టొద్దని సెప్పినాం. ఇన్నారు కాదు.”

“చుట్టాలొచ్చే దారైతే మంచిదేగా, వాళ్ళకీ నాలుగు గుడ్లు పెడతారు!” అని వేళాకోళమాడాను. ఆయన నవ్వలేదు. నాకు మాత్రం టైము అయిపోతోంది. వరద ముప్పు: లేదు. జనాన్ని చేర్చాల్సిన చోటు: అంగన్‌వాడీ భవనం. అంతే, పంపేశాను.

అక్టోబరు ఆఖర్లో తుఫాను రానే వచ్చింది. గూడేల్లో జనాన్నంతా మేము రాసిచ్చిన భవనాల్లోకి చేర్చమని ఆర్డరు. రాజకుమారికి ఫోన్ చేశాను.

“అందరూ వొస్తామన్నారు మేడం, సోంబరు తాతే రానంటన్నాడు. నన్నక్కడికి అట్టుకెల్లొద్దని ఏడస్తన్నాడు.”

“ఆయన మొండితనం నా దగ్గర కుదరదని చెప్పు. మంచంతో సహా ఎత్తుకురండి. ఒక్క మనిషి తగ్గినా ఊరుకోను!”

మర్నాడు మధ్యాహ్నం ఫొటో పంపింది. పిల్లాపాపలతో అరవై నాలుగుమంది, స్లాబు కింద. మూల మంచం మీద తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత సంబరపడ్డానో! మా అటెండరు యర్రయ్యకి చూపించాను. ఆయనది ఆ పక్క కొండే. సుట్టం కథ చెప్పి, చుట్టం వస్తాడని స్లాబింట్లోకి రానన్నాడయ్యా అని పకపకా నవ్వాను.

యర్రయ్య చేతిలో టీగ్లాసు బల్లమీద పెట్టేశాడు.

“అమ్మా, మా కొండల్లో వొరద అనం. పేరెట్టి పిలిస్తే వొచ్చీద్దని పెద్దోలు సుట్టం అంటారు. కొండ తెగి గెడ్డలోంచి వొచ్చీదాన్ని.”

పదకొండుమంది. ఎలగొస్తారమ్మా అన్నాడు ముసలాయన. నేనేం చేశాను తల్లీ! నాలుగుసార్లు కొట్టాక ఫోను కలిసింది. స్పీకరులో పెట్టాను.

“గెడ్డ ఎలా ఉంది?”

“వోన గట్టిగానే ఉంది మేడం. గెడ్డ మాత్రం పొద్దుటికన్నా తగ్గిపోనాది. రాళ్ళు కనిపిస్తన్నాయి. మంచిదే కదా?”

యర్రయ్య తల బాదుకున్నాడు. “అయ్యో, పైన కొండ జారి నీల్లకి అడ్డం పడ్డాది. అది తెగితే మరేటీ మిగల్దు.”

“రాజకుమారీ, బయటికి రండి! వరదొస్తోంది!”

“వొరదేటి మేడం? నీల్లే నేవు కదా. పిల్లలిప్పుడే బువ్వకి కూకున్నారు...”

“సుట్టం వస్తున్నాడే! సుట్టం!”

రాజకుమారి ఇంక ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పళ్ళేలు దొర్లిన చప్పుడు, ఒక్కొక్క పిల్ల పేరూ పెట్టి పిలుస్తున్న గొంతు, “బేగి, బేగి, పైకి” అన్న అరుపు. తర్వాత ఫోను కట్టయింది.

రెండు రోజులకి దారి తెరిచారు. చదును నేల నిండా గదులంతేసి బండరాళ్ళు, వేళ్ళతో సహా వచ్చిన చెట్లు. భవనం ఎక్కడుండేదో ఆనవాలు దొరకలేదు. పైన ఇరవై రెండు ఇళ్ళూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జనం అక్కడే ఉన్నారు. మూడుసార్లు లెక్కపెట్టాను. అరవై మూడు.

రాజకుమారి నా మొహంలోకి చూడకుండా చెప్పింది. “పిల్లగుంటల్ని ముందు పట్టుకెల్లమన్నాడు తాత, మేడం. వాల్లని దింపేసి, మంచం కోసం మల్లీ దిగతన్నాం. సగం దారిలో ఉండగానే సుట్టం వొచ్చినాడు.”

తాత ఇల్లు చెక్కుచెదరలేదు. అరుగు మీద ఆయన చుట్ట, అగ్గిపెట్టె పెట్టినచోటే ఉన్నాయి. వాటి పక్కన కూలబడి ఏడ్చాను. ఎవరూ దగ్గరికి రాలేదు, ఊరుకోమని అనలేదు.

సాయంత్రంలోగా రిపోర్టు పంపమని ఆఫీసు నుంచి ఫోను. ట్యాబు తెరిచి వలస కాలమ్‌లోంచి పదకొండు తీసేశాను. వరద మృతుల కాలమ్‌లో పన్నెండు అని వేశాను. దాని కింద కారణం అని అడిగింది. అక్కడ మన మాట రాయడానికి వీల్లేదు, వాళ్ళిచ్చిన వాటిలోంచే ఒకటి ఎంచుకోవాలి. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. నా పేరు అందులో లేదు.