చివరి పలకకి అరవై మేకులు

ఏడాదిలో పదకొండు నెలలు నేను స్కూలు బస్సు నడుపుతాను. జూలైలో మాత్రం కమ్మరిని. ఆ నెలలో ఎవరైనా నన్ను బస్సు గున్‌వోర్ అని పిలిస్తే పలకను.

మా ఊరి సముద్రపు పాయ ఒడ్డున ప్రతి వేసవిలో వైకింగ్ సంత జరుగుతుంది. నూట ఇరవై మందిమి నాలుగు రోజులపాటు వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళి గుడారాల్లో కాపురం పెడతాం. చేత్తో నేసిన ఉన్ని బట్టలు, కట్టెల పొయ్యి మీద కాచిన జావ, ఎండు చేప, అదే బతుకు. పళ్ళ డాక్టరు స్టైనార్ కత్తులు చేస్తాడు. లైబ్రరీలో పనిచేసే ఓడ్‌లౌగ్ అందరి గుడారాలూ తనిఖీ చేస్తుంది. మిషను కుట్టు ఆవిడ కంట పడిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. వైకింగులు కాఫీ ఎరగరు. మాకు కాఫీ లేనిదే తెల్లవారదు. అందుకని కొయ్య కప్పుల్లో పోసుకుని తాగుతాం. ఓడ్‌లౌగ్ కూడా అలాగే తాగుతుంది కాబట్టి ఆ విషయం ఎవరూ ఎత్తరు.

మా సంతలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చేతిపని విరిగిందో వాళ్ళే ఆ విరిగిన ముక్కని తాము పనిచేసే పాక ముందున్న గుంజకి కొట్టుకోవాలి. ఒకసారి కొట్టాక ఇక తీయకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అడిగితే ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. స్టైనార్ గుంజకి ఒక కత్తి మొన, రెండు గొడ్డలి ముక్కలు, సగం బాకు ఉన్నాయి. నా గుంజ పదకొండేళ్ళుగా నున్నగా ఉంది. ఆ సంగతి రోజుకి నాలుగుసార్లయినా ఎవరో ఒకరికి చెప్పేదాన్ని. గొప్పలు చెప్పుకోకూడదని మా అమ్మ అనేది. చెప్పుకోవడానికి ఏమీ లేనివాళ్ళకి ఆ మాట బాగానే సరిపోతుంది.

ఇక పడవ సంగతి. ఐవిండ్‌కి డెబ్బై ఆరేళ్ళు. బతుకంతా పడవలు కట్టినవాడు. నాలుగు శీతాకాలాలుగా ఆయన చెప్పినట్టల్లా చేస్తూ, గొడ్డళ్ళతో చెక్కుకుంటూ, నాలుగు తెడ్ల పడవ ఒకటి కడుతున్నాం. పలక అంచు మీదికి పలక ఎక్కించి, రెండూ కలిసిన చోట ఇనుప మేకు దించాలి. లోపలికి వచ్చిన కొసకి చిన్న బిళ్ళ తొడిగి, ఎక్కువైనంత తుంచి, మిగిలింది సుత్తితో అణిచెయ్యాలి. బయట ఒకరు మేకు తలకి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటే, లోపల ఐవిండ్ కొడతాడు. ఆ పడవలో పదిహేను వందల మేకులున్నాయి. అన్నీ నేను చేసినవే.

రెండేళ్ళ నుంచీ ఐవిండ్ కుడి చెయ్యి వణుకుతోంది. అందరం చూశాం, ఎవరం అడగలేదు. "నా చెయ్యి పని చెడగొట్టిన రోజున పనిముట్ల పెట్టె మూసేస్తాను" అని మాత్రం ఆయన ఎప్పుడో ఒకసారి అన్నాడు.

ఈ ఏడు మిగిలింది చివరి పలక ఒక్కటే. దానికి అరవై మేకులు. శనివారం సంతలో అందరి ముందూ బిగించి, ఆదివారం పడవని నీళ్ళలోకి దించాలని ముహూర్తం పెట్టుకున్నాం. ఆ అరవై మేకులూ మిగతావాటిలా ఉండకూడదని నాకు పట్టుదల పుట్టింది. అంతకుముందు మేకులన్నీ ఫ్యాక్టరీ కడ్డీతో చేసినవి. "మరీ తిన్నగా ఉన్నాయి గున్‌వోర్, కొట్లో కొన్నట్టున్నాయి" అని ఓడ్‌లౌగ్ ఏటా మూతి విరిచేది. సరే, చూపిస్తానుండు అనుకుని, మా పినతండ్రి కొట్టంలో తుప్పు పట్టి పడున్న, పొలం గీరే పాత దంతె ఒకటి తెచ్చి, దాని పళ్ళు కాల్చి మేకులు సాగగొట్టాను. ఎంత అందంగా వచ్చాయో! ఓడ్‌లౌగ్ ఒక మేకు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. నేను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాను.

శనివారం పొద్దున పడవ చుట్టూ జనం మూగారు. బయట దిమ్మ పట్టుకుని స్టైనార్, లోపల మోకాళ్ళ మీద ఐవిండ్. పది అడుగుల దూరంలో నా కొలిమి, ఇనుము పెట్టి కొట్టే దాగలి. మొదటి మేకుకి బిళ్ళ తొడిగి ఐవిండ్ రెండు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకి టిక్కుమని కొస ఊడి వచ్చింది.

"ఏమైంది?" అన్నాడు స్టైనార్.

"వంకరగా తగిలింది" అన్నాడు ఐవిండ్. ఇంకొకటి తీసుకున్నాడు. అదీ విరిగింది. మూడోదాన్ని ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కొట్టాడు. అదీ పోయింది. జనంలో ఎవరో అయ్యో అన్నారు.

"మేకు సంగతేంటో చూద్దామా?" అన్నాడు స్టైనార్.

"మేకుని అనకు. పదకొండేళ్ళలో గున్‌వోర్ ఇనుము విరిగిందా ఎప్పుడైనా? చెయ్యి నాది" అని ఐవిండ్ సుత్తి పలక మీద పెట్టేశాడు. పడవలోంచి దిగి, ఎవరి మొహమూ చూడకుండా తన గుడారంలోకి వెళ్ళిపోయాడు.

ఉన్నమాట చెబుతాను. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది ఊరట. హమ్మయ్య, నా మేకు కాదు అనుకున్నాను. ఆ తర్వాతే ఆయన మీద జాలి వేసింది.

జనం చెదిరాక పడవలోకి ఎక్కి విరిగిన ముక్క ఏరాను. వెలుతురుకి పట్టి చూశాను. మెత్తటి ఇనుము తెగితే నారలా సాగి చీలుతుంది. ఇది చక్కెర పలుకుల్లా తళతళలాడుతోంది. గట్టి ఉక్కు పెళుసెక్కి విరిగితేనే అలా ఉంటుంది. దంతె పళ్ళు నేలని చీల్చాలి కాబట్టి వాటిని ఉక్కుతో చేస్తారని ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలిసి తెలిసి ఆ ఉక్కుని నేనేం చేశాను? ఒక్కో మేకూ పూర్తి కాగానే ఎర్రగా ఉండగానే నీళ్ళ తొట్టిలో పడేశాను. కత్తులు కూడా చేసే చెయ్యి కదా, ఎర్రటిది కనబడితే నీళ్ళలో ముంచెయ్యడమే దానికి అలవాటు. మెత్తటి కడ్డీతో చేసిన పదిహేను వందల మేకుల్నీ అలాగే ముంచాను, వాటికేమీ కాలేదు. ఇవి ఉక్కు కదా, నీళ్ళు తగలగానే ఈ అరవైకి మాత్రం కత్తిలా గట్టి పదును పట్టింది. అణిగి వంగాల్సిన మేకు అది, పదునెక్కితే విరక్కేం చేస్తుంది!

ఈ సంగతి ఐవిండ్‌కి తెలియదు. స్టైనార్‌కి వచ్చిన అనుమానాన్ని ఐవిండే కొట్టిపారేశాడు. ముక్కని నడుముకున్న సంచిలో వేసుకుని కొలిమి దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఎవరో ఒకావిడ వచ్చి నా గుంజ ఎందుకు ఖాళీగా ఉందని అడిగింది. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ఆ మాటలు నా నోటికే చేదుగా తగిలాయి, అయినా ఆపకుండా చివరిదాకా చెప్పాను. అలా రెండు గంటలు గడిపాను. ఆ రెండు గంటలూ నేను దొంగనే, ఇంకో పేరు లేదు.

ఓడ్‌లౌగ్ కొయ్య కప్పు పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది.

"పెట్టె సర్దేస్తున్నాడు ఐవిండ్. మధ్యాహ్నం సభలో అందరికీ చెప్పేసి పనిముట్లు పంచేస్తాడట."

"ఎవరికి?"

"గొడ్డళ్ళు స్టైనార్‌కట. పలకలు కొలిచే తాడు నాకట, నేనేం చేసుకుంటానో ఏమిటో. మేకులు కొట్టే సుత్తి మాత్రం నీకే."

"నాకెందుకు?"

"అంత మంచి మేకులు పాడుచేశాను, ఇంకేం ఇచ్చుకోగలను అన్నాడు."

నేను లేచి నిలబడ్డాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. అంత కోపం బస్సులో పిల్లలు చూయింగ్ గమ్ అంటించినప్పుడు కూడా రాలేదు.

"సభ నా కొలిమి దగ్గరే, అందర్నీ ఇక్కడికి రమ్మను" అన్నాను.

"ఎందుకు?"

"రమ్మను తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

వచ్చారు. ఐవిండ్ పెట్టెని ఒక తోపుడు బండి మీద పెట్టుకుని మరీ వచ్చాడు. ఆయన గొంతు సవరించుకునేలోపే నేను మొదలుపెట్టాను.

"స్టైనార్, ఇలా రా. ఈ ఊళ్ళో అందరి నోళ్ళలోనూ నువ్వే చెయ్యి పెడతావు. నీ చెయ్యి వణుకుతుందా?"

"వణికితే నా దగ్గరికి ఎవడొస్తాడు?"

"అయితే ఈ మేకు పట్టుకో. బిళ్ళ తొడిగి దాగలి మీద అణిచి చూపించు."

స్టైనార్ నా మొహం చూశాడు, మేకు చూశాడు. కొట్టాడు. టిక్కుమంది. ఇంకొకటి ఇచ్చాను. అదీ టిక్కుమంది.

"మేకు తప్పు. నా తప్పు" అన్నాను. "దంతె ఉక్కుతో చేసి నీళ్ళలో ముంచాను. ఐవిండ్ చేతిలో ఏ దోషమూ లేదు. ఈ సంగతి పొద్దుటే నాకు తెలిసింది. తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నాను."

ఐవిండ్ నన్ను దగ్గరికి తీసుకుంటాడనో, పోనీలే అంటాడనో మీరు అనుకుంటున్నారేమో. ఆయన మొహం ఎర్రబడింది.

"పొద్దుటే తెలుసా?"

"తెలుసు."

"రెండు గంటలు నేను ఆ గుడారంలో కూర్చుని, ఒక్కొక్క ఉలినీ తుడిచి, గుడ్డలో చుట్టి... నీకు తెలుసా?"

"తెలుసు."

"ఏం మనిషివే నువ్వు! ఆ చుట్టినవన్నీ ఇప్పుడు ఎవడు విప్పుతాడు, మీ తాతా?"

"నేనే విప్పుతాను."

"నా పెట్టె మీద చెయ్యి వేశావంటే చూడు!"

నేను సుత్తి అందుకుని ముక్కలు నా గుంజకి కొట్టాను. స్టైనార్ పక్కనే నిలబడి, "ఇంకొంచెం పైకి, కళ్ళకి ఎదురుగా ఉండాలి. ఆ, అక్కడ. ఎంత అందం వచ్చింది గుంజకి!" అంటూ దగ్గరుండి కొట్టించాడు. పదకొండేళ్ళ కడుపుమంట, ఆ మాత్రం తీర్చుకోనీ అనుకున్నాను. నిజానికి నాకు చాలా తేలిగ్గా ఉంది, ఆకలి కూడా వేసింది.

ఆ సాయంత్రం మిగిలిన మేకులన్నిటినీ నిప్పుల్లో ఎర్రగా కాల్చి, నీళ్ళ తొట్టి వైపు చూడకుండా, వెచ్చని బూడిదలో లోతుగా పూడ్చాను. మెల్లగా చల్లారితే ఉక్కు మళ్ళీ మెత్తబడుతుంది. విరిగినవాటికి బదులు మునుపటి ఫ్యాక్టరీ కడ్డీతోనే కొత్తవి చేశాను. ఓడ్‌లౌగ్ వాటిని చూసి మూతి విరవలేదు.

ఆదివారం పొద్దున బూడిద తవ్వి ఒక మేకు ఐవిండ్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని దాగలి మీద వేసి మడతపెట్టాడు. విరగలేదు. మళ్ళీ తిన్నగా చేసి, మళ్ళీ మడిచాడు. పడవ దగ్గరికి నడుస్తూ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"దిమ్మ నువ్వు పట్టుకో."

బయట నేను, లోపల ఆయన, మధ్యలో పలక. ఆయన చేతిని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. సుత్తి లేచేటప్పుడు వణుకుతుంది. దిగేటప్పుడు వణకదు. అరవై మేకులూ అణిగాయి. చివరిదాని మీద బొటనవేలితో రుద్ది, "బాగుంది" అన్నాడు. మేకునన్నాడో, తన చేతినన్నాడో నేను అడగలేదు.

మధ్యాహ్నం పడవ నీళ్ళలోకి దిగింది. ఒడ్డంతా కేకలు. ముందు తెడ్లు నావి, వెనక తెడ్లు స్టైనార్‌వి, మధ్యలో ఐవిండ్. పాయ సగం దాటేసరికి నా కాళ్ళకి చల్లగా తగిలింది. వంగి చూస్తే అడుగున నీళ్ళు. ఏ మేకు? ఏ వరస?

ఐవిండ్ వంగి పలకల వెంట వేళ్ళు పోనిచ్చాడు. ఒక చోట ఆగాడు.

"నీది కాదు. ఇది రెండో పలక. కిందటేడు నేను కొట్టింది. బిళ్ళ పక్కకి పోయింది" అన్నాడు. "ఇది మాత్రం నా చెయ్యే."

వాన వచ్చేలా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మరి?" అన్నాను.

"మరేముంది, చలికాలంలో తీసి మళ్ళీ కొడతాను. నువ్వే దిమ్మ పట్టాలి."

"అందాకా నీళ్ళు ఎవరు తోడాలి?"

"తప్పు ఎవరిదైతే వాళ్ళే" అని కొయ్య చిప్ప అందుకుని తోడడం మొదలుపెట్టాడు. చెయ్యి వణికి ప్రతి చిప్పలోనూ సగం నీళ్ళు నా ఒళ్ళో పోశాడు. నేను చిప్ప అడగలేదు. తడిసిన బట్టలతో అవతలి ఒడ్డు దాకా తెడ్డు వేశాను.