ఇడ్లీకి మూడువందల పన్నెండు

ఇల్లందు బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే జహూర్‌కి షుగరు బయటపడినప్పుడు, ఏం తినాలో రాసున్న కాగితం చేతికిచ్చింది నర్సు రిబ్కాయే. రెండువేల ఆరులో ఆ చిన్న దవాఖానాకి వచ్చిన ప్రతి షుగరు మనిషికీ ఆమె ఆ కాగితమే ఇచ్చేది. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో, మధ్యలో బిస్కెట్లు, రాత్రికి అన్నం మాని చపాతీలు. గుడ్డులో పచ్చసొన, నెయ్యి, మాంసం వద్దు. పైనుంచి అచ్చయి వచ్చిన కాగితంలో తప్పుంటుందని ఆమెకి ఎన్నడూ తోచలేదు.

జహూర్ దాన్ని ఏడాదిపాటు నమాజులా తప్పకుండా పాటించాడు. పెళ్లిళ్లలో బిర్యానీ వడ్డించబోతే చేయి అడ్డంపెట్టి, ఇంటినుంచి తెచ్చుకున్న చపాతీల పొట్లం విప్పుకునేవాడు. అయినా షుగరు దిగలేదు. మాత్రలు రెండింతలయ్యాయి. అరికాళ్ల మంటలు మొదలయ్యాయి. ఆడవాళ్ల చిన్న గడియారాల్లో ముల్లు కంటికి ఆనడం లేదు.

"దొంగతనంగ ఏమన్న తింటున్నవా భాయ్?" అందరినీ అడిగినట్టే అడిగింది రిబ్కా.

ఆయనకి కోపం రాలేదు. "లేదమ్మా. గీ కాయితం ఎవరిని చూసి రాసిండ్రు? నాలాంటోళ్లకు తినిపిచ్చి, రక్తం చూసి రాసిండ్రా?"

"పెద్ద డాక్టర్లు రాసిండ్రు. ఊకెనే రాస్తరా?"

"ఊకెనే రాసిండ్రని నేనంటలేను. గడియారం లేటు నడిస్తె అన్ని చక్రాలు ఒక్కసారే మార్చను. ఒక్కటి మార్చి చూస్త. గట్ల చూద్దమా?"

కొత్తగా వచ్చిన డాక్టరు జస్టిన్ కాసేపు తటపటాయించి ఒప్పుకున్నాడు. మాత్రలు ఆపకూడదని, ఒళ్లు చెమటలు పడితే వెంటనే రావాలని షరతు పెట్టాడు.

వారానికి రెండుసార్లు, టిఫిను తిన్న రెండు గంటలకి జహూర్ వచ్చి వేలు చాపేవాడు. నాలుగు ఇడ్లీలు తిన్న రోజు మూడువందల పన్నెండు. మరోసారి అవే నాలుగు తిన్నా దాదాపు అంతే. తర్వాత ఇడ్లీ మాని, పచ్చసొనతో సహా రెండు గుడ్లు, చిక్కుడుకాయ కూర తిని వచ్చాడు. నూట డెబ్బై. మిషను పాడైందనుకుని రిబ్కా ఇంకో వేలు గుచ్చింది. నూట అరవై ఎనిమిది.

ఆ మధ్యాహ్నం ఆమెకి అన్నం సయించలేదు. దొంగతిండి తిన్నారని ఎందరిని నిలదీసిందో! వాళ్లలో నిరుడు కన్నుమూసిన తన తల్లి కూడా ఉంది.

జహూర్ బిస్కెట్లు మానాడు, చపాతీలు తగ్గించాడు. మూడో నెలలో ఒకరోజు దుకాణంలోనే షుగరు మరీ పడిపోయి చెమటలు పట్టాయి. డాక్టరు మాత్రలు సగం చేశాడు.

"ఇది ఒక్క మనిషి ఒళ్లు సిస్టర్. అందరికీ ఇదే చెప్పలేం," అన్నాడు జస్టిన్.

"అవ్ సార్, నా ఒక్కనిదే," అన్నాడు జహూర్. "ఇంకొకల్లది గూడ చూడుండ్రి."

చూశారు. బొగ్గుబాయిలో పనిచేసే సవరయ్యకి బాగా దిగింది. టీచరు తబితకి గుడ్లు తిన్నా తేడా రాలేదు. ఆమెకి సాయంత్రం తినే అరటిపళ్లతో షుగరు ఎక్కుతోందని తేలింది.

ఆ ఏడాది చివర ఖమ్మంలో నర్సులకి శిక్షణ జరిగినప్పుడు రిబ్కా లేచి, ఆ కాగితం ఎవరిని చూసి రాశారని అడిగింది. పైనుంచి వచ్చింది చెప్పడమే మన పని అన్నారు శిక్షణ ఇచ్చేవాళ్లు. ఆ జవాబే వస్తుందని తెలిసినా ఆమె అడగకుండా ఉండలేకపోయింది.

జహూర్ అరికాళ్ల మంటలు తగ్గాయి. తగ్గిన చూపు మాత్రం తిరిగి రాలేదు. చిన్న గడియారాలు కూతురు ఫాయిజా చూసుకునేది. "నీవల్లనే నాకు కండ్లు తెరుసుకున్నయ్ భాయ్," అని రిబ్కా అంటే ఆయన సిగ్గుపడ్డాడు. "నేనేం జేసిన? వేలు ఇచ్చిన, గంతే. తప్పును తప్పని ఒప్పుకునుడు కష్టమమ్మా. అది నువ్వు జేసినవ్."

ఆ వారమే అడవి పక్క తండానుంచి బిచ్యా అనే ముసలాయన షుగరు చూపించుకోవడానికి వచ్చాడు. పొద్దున ఏం తిన్నావని రిబ్కా అడిగితే, తిట్లకి సిద్ధపడుతూ, "జొన్నరొట్టె, పప్పు," అన్నాడు.

"మంచిది తాతా. జరసేపు కూసో, దానికి షుగరు ఎంతున్నదో చూద్దం," అంది రిబ్కా, బల్లమీద చోటు చూపిస్తూ.