దీపం మీద స్టిక్కరు

...అయినా శబ్దమనేది సగం చెవిలోనే పుడుతుంది, మనసు కుదురుగా లేనివాళ్లకు సీలింగు ఫ్యాను కూడా ఏడుస్తున్నట్టే వినిపిస్తుంది, నెల కిందట కారు టకటకమంటోందని జ్ఞానకుమారి అన్నప్పుడు తాను చెప్పిందీ అదేగా, శాస్త్రపరంగా అందులో తప్పేమీ లేదు, అనుకున్నాడు లాజరస్. మైత్రీవనంలో ఆయన పదకొండేళ్లుగా వ్యక్తిత్వ వికాసం నేర్పుతున్నాడు. భార్య జ్ఞానకుమారి ఈ పంజాగుట్ట షెడ్డులో పాత టైరు మీద పేపరు పరుచుకుని కూర్చుని, ఆయన్ని వదిలేసి కారునే చూస్తోంది.

కారు కింద నుంచి మెకానిక్ దుర్గేష్ బయటికొచ్చి అరచెయ్యి చాపాడు. అందులో ఇంజన్లోంచి తీసిన కనెక్టింగ్ రాడ్ బేరింగులు, సగానికి కోసిన గాజుల్లా ఉన్నాయి. పైపూత అరిగి రాగి తేలింది.

"చూడుండ్రి సార్. ఆయిల్ సరిగ అందక గిట్లయినయ్. కొత్తయి ఏస్త. గని, మీటర్ల ఆయిల్ ఎర్ర దీపం ఎలగలేదా?"

"లేదే."

పూర్తి అబద్ధం కాదు. రెండు నెలలుగా అది వెలగడం ఆయన చూడలేదు. అంతకుముందు అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మిణుకుమంటూ ఏకాగ్రత చెడగొడుతుంటే, తన సంస్థ స్టిక్కరొకటి దాని మీద అంటించాడు. 'మంచినే చూడు' అని ఉంటుంది, పక్కన ఆయన నవ్వుమొహం.

"బండి ఎక్కువ ఎవరు నడుపుతరు?"

"మా ఆవిడే." మాట ఆయనకంటే ముందే బయటికొచ్చేసింది. దీన్ని నెపం మళ్లించడం అంటారని ప్రతి బ్యాచుకూ రెండో వారంలో బొమ్మ గీసి మరీ చెబుతాడు.

జ్ఞానకుమారి తల తిప్పలేదు. "ఆ చప్పుడు కూడా నా మనసులోదేనట, దుర్గేష్ బాబూ. ముందు నా బుర్ర విప్పి చూడు."

దుర్గేష్ నవ్వలేదు. "దీపం ఎలిగుంటే ఆయిల్ పంపు సుత చూడాలె. ఎలగకుంటే ఎందుకు ఎలగలేదో మీటరంత ఇప్పి చూడాలె. నిజం తెల్వకుండ బిగిస్తే కొత్తయి సుత పోతయ్ సార్. ఎల్లుండి మేడం ఒక్కలే ఖమ్మం పోతరంటిరి గద."

స్క్రూడ్రైవరు తీసుకుని ముందు తలుపు తెరిచాడు.

ఒప్పుకోవడంలో కూడా ఒకరకం అహంకారం ఉంటుంది, అని లాజరస్‌కు తోచింది. బాగుంది, వచ్చే బ్యాచుకు పనికొస్తుంది. ఆ ఆలోచన సగంలో ఉండగానే హైవే పక్కన పట్టేసిన కారు, అందులో ఒంటరిగా జ్ఞానకుమారి, ఒరుసుకుంటూ పోయే లారీలు కనిపించాయి.

"ఆగు," అన్నాడు.

సీట్లోకి వంగి, తన నవ్వుమొహం అంచును గోటితో లేపాడు. నోటి దగ్గర చిరిగింది. మిగిలింది కూడా గీకాడు.